ఉప్పురాయిలో జత ఏదండి?

మా బడికి శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులు దగ్గరే. పదో తరగతి పిల్లల్లో నలుగురైదుగురి ఇళ్లలో పెద్దవాళ్లు ఆ మడుల్లోకే పనికి వెళ్తారు. రసాయన బంధం పాఠం మొదలుపెట్టిన రోజు వాళ్లలో ఒకమ్మాయి గుప్పెడు గల్లుప్పు పొట్లం కట్టి తెచ్చింది. తెమ్మన్నది నేనే. భూతద్దం పిల్లల చేతికిచ్చి, బోర్డు మీద ఎప్పటిలాగే రెండు గుండ్రాలు గీశాను, ఒకటి సోడియం, ఒకటి క్లోరిన్. సోడియం చివరి ఎలక్ట్రాన్ బాణం వెంట క్లోరిన్‌లోకి వెళ్లింది. రెండింటికీ బయటి కర్పరంలో ఎనిమిదేసి ఎలక్ట్రాన్లు, అష్టకం పూర్తి.

ఆ అమ్మాయి ఇంకా ఉప్పురాయినే చూస్తోంది. "మేస్టారూ, ఇందులో ఆ జత ఏదండి? ఒక జతకీ ఇంకో జతకీ మజ్జిన ఏటుంటాదండి?" అని అడిగింది.

పదకొండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. జవాబు నాకు తెలుసు, డిగ్రీలో చదివిందే. కానీ నేను గీసే బొమ్మే ఆ జవాబును కప్పేస్తోందని అప్పుడే తట్టింది.

ఉప్పులో జతలు లేవు. అసలు ఉప్పురాయిలో విడివిడి అణువులే లేవు. ఎలక్ట్రాన్ పోయినా, వచ్చినా ఆవేశం వచ్చిన పరమాణువునే అయాన్ అంటాం. ఒక్కో సోడియం అయాన్‌కి ముందూ వెనకా, కుడీ ఎడమా, పైనా కిందా ఆరు క్లోరైడ్ అయాన్లుంటాయి. ఒక్కో క్లోరైడ్ చుట్టూ మళ్లీ ఆరు సోడియంలు. ఎవరు ఎవరి జత అంటే ఏం చెబుతాం? NaCl అన్న ఫార్ములా చెప్పేది ఒకటికి ఒకటి చొప్పున ఉన్నాయన్న లెక్క మాత్రమే. గల్లుప్పు పగిలితే పలకలుగా, తిన్నని మూలలతో పగిలేది ఈ వరస వల్లే.

ఇది ఎక్స్ కిరణాలతో తేల్చింది బ్రాగ్ అనే ఇంటిపేరున్న శాస్త్రవేత్తలు, తండ్రీకొడుకులు, 1913లో. రెండేళ్లకే ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అయినా అందరికీ మింగుడు పడలేదు. ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త, ఎనభైకి దగ్గర పడిన వయసులో, 1927లో నేచర్ అనే సైన్సు పత్రికకు ఉత్తరం రాశారు. ఉప్పులో అణువులు లేవనడం, చదరంగం పలకలా గళ్లున్నాయనడం ఆయన ఒప్పుకోలేకపోయారు. ఈ సంగతి చెప్పగానే క్లాసంతా ఆ అమ్మాయి వైపు తిరిగింది. అంత పెద్దాయన్ని ఇబ్బంది పెట్టిన చోటే తనూ ఆగిందని తెలిసి ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

ఇంకో మాట కూడా ఆ రోజే సరిచేశాను. "సోడియం ఎలక్ట్రాన్ ఇవ్వాలని కోరుకుంటుంది" అని గైడ్లలో ఉంటుంది, మేమూ అలాగే చెప్పేస్తాం. లెక్క చూస్తే అలా లేదు. ఒక మోల్ (పరమాణువుల్ని లెక్కపెట్టే పెద్ద కొలత) సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడదీయడానికి 496 కిలోజౌళ్లు ఖర్చు పెట్టాలి. క్లోరిన్ వాటిని తీసుకున్నప్పుడు తిరిగొచ్చేది 349. ఇంకా 147 అప్పు. ఆ అప్పు తీరేది అయాన్లన్నీ అన్ని వైపుల నుంచీ ఒకదాన్నొకటి లాక్కుంటూ స్ఫటికంగా సర్దుకున్నప్పుడే. అప్పుడు విడుదలయ్యేది దాదాపు 787. బాణం గుర్తు కన్నా ఆ సర్దుకోవడమే అసలు బంధం. ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల వేడి కావాలి, అంత గట్టి పట్టు.

"మరి వాన పడితే ఒక్క రాత్రిలో ఎలా కరిగిపోతాదండి?" వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. వేసవిలో అకాల వాన ఎంత టెన్షనో మడుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకి తెలుసు. మబ్బు పట్టగానే కుప్పల మీద తాటాకులు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగెడతారు.

జవాబు నీటి అణువు ఆకారంలో ఉంది. అది చూపించడానికి మర్నాడు బెలూన్లు తెచ్చాను. రెండు పెద్దవీ, రెండు చిన్నవీ ఊది నాలుగింటి మూతులూ ఒకచోట ముడివేశాం. అవి నేల మీద ప్లస్ గుర్తులా పరుచుకోలేదు. ఒకదాన్నొకటి తోసుకుని నాలుగు దిక్కులకూ ఎడంగా లేచాయి. చిన్నవి హైడ్రోజన్‌తో పంచుకున్న ఎలక్ట్రాన్ జంటలు, పెద్దవి ఆక్సిజన్ దగ్గరే ఉండిపోయిన ఒంటరి జంటలు. నాలుగూ సమానమైతే కోణం 109.5 డిగ్రీలు ఉండాలి. ఒంటరి జంటలు ఎక్కువ చోటు ఆక్రమించి తోయడంతో అది 104.5కి తగ్గుతుంది. అందుకే నీటి అణువు వంగి ఉంటుంది. వంగింది కాబట్టే ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్‌ల వైపు కాస్త ధనావేశం. కార్బన్ డై ఆక్సైడ్‌లా నిటారుగా ఉంటే రెండు వైపుల లాగుడూ రద్దయిపోయేది.

వాన నీరు ఉప్పు మీద పడితే ఆక్సిజన్ కొసలు సోడియం చుట్టూ, హైడ్రోజన్ కొసలు క్లోరైడ్ చుట్టూ మూగుతాయి. ఒక్కో అయాన్‌నీ ఇలా చుట్టుముట్టి అంచుల నుంచి విడదీసుకుపోతాయి. 801 డిగ్రీల వేడి చేయాల్సిన పనిని చల్లటి నీళ్లే చేస్తాయి. వంద గ్రాముల నీటిలో 36 గ్రాముల దాకా ఉప్పు ఒదిగిపోతుంది. పిల్లలు ఆ అంకె విని కాసేపు మాట్లాడలేదు. ఎంత వానకి ఎంత కుప్ప పోతుందో లోపల లెక్క వేసుకుంటున్నట్టనిపించింది.

పోయిన వారం యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాను. అయానిక బంధం ప్రశ్నకి ఆ అమ్మాయి రెండు గుండ్రాలూ గీసింది, బాణమూ పెట్టింది. వాటి కింద స్కేలుతో గళ్లు గీసి, ఒకటి విడిచి ఒకటి ప్లస్సు, మైనస్సు నింపింది. కాగితం అంచు వచ్చేసింది. అక్కడ గళ్లు మూసేయకుండా, ఇంకా ఉన్నాయన్నట్టు నాలుగు వైపులా చుక్కలు పెట్టింది.