ఆఫర్ "ఈ రాత్రి వరకే" అంటే ఎన్నింటి వరకు?

దసరాకి అమ్మకి చీర కొందామని ఒక ఆన్‌లైన్ షాపులో చూసిపెట్టుకున్నాను, పైన "ఆఫర్ ఈ రాత్రి వరకే" అని ఉంది, సరే పన్నెండింటిదాకా ఉంటుందిలే అనుకుని, అన్నం తిని పదిన్నరకి తెరిస్తే పాత ధరే కనిపించింది. చాలా బాధేసింది. డాలస్‌లో ఉన్న మా అక్కకైతే మరీ కష్టం, దసరా రోజుల్లో మనకి అర్ధరాత్రి అంటే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, మరి ఎవరి రాత్రిని లెక్కపెట్టుకోవాలి? ఇంకొన్ని చోట్ల ఆఫర్‌కి ఇంకెంత టైముందో చూపించే గడియారం సున్నాకి వచ్చి మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది, అది పచ్చి మోసం. 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని బోల్తా కొట్టించే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో 13 రకాలు చెప్పారు, లేని తొందర పుట్టించడమే అందులో మొదటిది. తేదీ, గంట, ఏ దేశం టైమో ఒక్క లైన్‌లో రాయొచ్చు కదా! ఈసారి ఆఫర్ కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.