మిల్లు మూతపడింది, మోత ఆగలేదు

మిల్లుకు లాకౌట్ పడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జీతం రాదన్న టెన్షన్ అనుకున్నాను. రెండో రాత్రి లేచి కూర్చున్నాక తెలిసింది, పెరట్లో కీచురాయి కూస్తోంది. టార్చి పట్టుకుని మునగచెట్టు మొదలు నుంచి చిటారు దాకా వెతికాను.

"ఏటి ఎతుకుతున్నావు ఈ రాత్రప్పుడు?" అంది మా ఆవిడ.

"ఆ కూత నీకు వినబడట్లేదేటి?"

"ఏ కూత?"

మాది విజయనగరం పక్క ఊరు. 26 ఏళ్లు జూట్ మిల్లులో మగ్గాల మెకానిక్‌గా చేశాను. ఆ షెడ్డులో పక్కమనిషితో మాట్లాడాలంటే చెవికి నోరు ఆనించి అరవాలి, లేదంటే చేత్తో సైగ చెయ్యాలి. ఆ హోరు కింద నా చెవుల్లోని ఈ కూత ఎన్నేళ్లుగా దాక్కుని ఉందో! మిల్లు మూతపడ్డాకే మోత బయటపడింది.

మా అత్త వెల్లుల్లి కాచిన నువ్వుల నూనె పోసింది. ఊళ్లో ఆర్‌ఎంపీ చుక్కల మందు రాశాడు. ఏదీ పనిచెయ్యలేదు. చివరికి చెవుల్లో దూది కుక్కుకున్నాను. బయట మోత లోపలికి రాకపోతే లోపలిది కూడా తగ్గుతుందని నా లెక్క. మూడో రోజుకి కీచురాయి కాస్తా ప్రెషర్ కుక్కర్ విజిల్ అయ్యింది. ఎందుకో చాలా రోజుల దాకా అర్థం కాలేదు.

మా అమ్మాయి బలవంతం మీద విజయనగరంలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ముందు గుబిలి తీశారు. మాటలు కాస్త తేటగా వినబడ్డాయి, కూత మాత్రం అక్కడే ఉంది. తర్వాత ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, పీప్ మన్నప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఆ గదిలో బయటి సడి లేకపోవడంతో నా కీచురాయి రాజ్యమేలింది. మిషను కూసిందా, నేను కూశానా తెలియక రెండు మూడు దొంగ నొక్కులు నొక్కాను.

డాక్టరమ్మ గ్రాఫ్ చూసి, నేనేమీ చెప్పకముందే, "మిల్లులో చేశారా?" అని అడిగింది. గీత బాగానే వచ్చి, కీచుమనే శబ్దాలుండే 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడింది, అంటే అక్కడ వినికిడి తగ్గింది. పెద్ద శబ్దాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు గొయ్యి సాధారణంగా అక్కడే పడుతుందట. లోపలి చెవిలో, నత్తగుల్లలాంటి గూట్లో, వెంట్రుకల్లాంటి కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. మోత వల్ల వచ్చే చెవుడు, మేము పనిచేసిన రోజుల్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, పని వల్ల వచ్చే రోగాల జాబితాలో ఉండేదని కూడా ఆమే చెప్పింది. 26 ఏళ్లలో మాకు ఒక్కరూ చెప్పలేదు.

అంతవరకు బాగానే ఉంది. "దెబ్బ తగిలింది చెవికి. శబ్దం తయారవుతున్నది మాత్రం మెదడులో," అన్నప్పుడే నాకు కోపం వచ్చింది. బుర్రలో అంటే పిచ్చనేగా! లేచి వచ్చేశాను. ఇంకోచోట చెవి నరాలకు బలమని మూడు నెలలు మాత్రలు మింగాను, 6 వేలు పోయాయి. ఈ కూతను ఆపే మాత్ర ఇప్పటికీ లేదని తెలిసుంటే ఆ డబ్బు మిగిలేది.

తల దించుకుని మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లాను. ఈసారి ప్రశ్న సిద్ధం చేసుకుని వెళ్లాను. "అమ్మా, మగ్గం గోల పెడితే మేము బెల్టు తప్పిస్తాం. ఈ చెవి నరం కోసేస్తే పోదా?"

ఆవిడ నవ్వలేదు. వినికిడి నరం మీద గడ్డలు వచ్చినవాళ్లకు ఆపరేషన్లలో ఆ నరాన్ని కోసెయ్యాల్సి వచ్చిందట. కొందరికి మోత తగ్గింది. చాలామందికి చెవి పూర్తిగా పోయాక కూడా మోత ఉండిపోయింది, కొందరికి పెరిగింది. బెల్టు తెంపాక కూడా మగ్గం ఆడుతోందంటే మోటారు ఇంకెక్కడో ఉన్నట్టేగా. మెకానిక్‌కి ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత చెప్పినవి త్వరగానే ఎక్కాయి. గొయ్యి పడిన చోట నుంచి మెదడుకు కబురు రాదు. రాని కబురు కోసం మెదడు తన వైపు వాల్యూమ్ పెంచుకుంటుంది. అలా పెంచినప్పుడు నరాలు తమంతట తాము చేసుకునే చిన్న సందడి కూడా శబ్దంగా వినిపిస్తుంది. మా షెడ్డులో ఒకాయనకి వేలు తెగిపోయింది. లేని వేలు దురద పెడుతోందని గోక్కోబోయేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

దూది సంగతి కూడా అప్పుడే తేలింది. 2012లో వచ్చిన ఒక ప్రయోగంలో 18 మంది ఒక చెవికి వారం రోజులు బిరడా పెట్టుకున్నారు. అందులో 14 మందికి లేని శబ్దాలు వినబడ్డాయి. బిరడా తీశాక పోయాయి. నేను దూదితో చేసుకున్న పని కూడా అదే, కాకపోతే ఫీజు కట్టి నేర్చుకున్నాను. పళ్లు గట్టిగా బిగిస్తే నా కూత సన్నబడుతుందని చెప్పినా ఆవిడ ఆశ్చర్యపోలేదు. దవడ నుంచి వెళ్లే నరాలు, చెవి నుంచి వచ్చేవి మెదడు అడుగున ఒకచోట కలుస్తాయట.

నాకు ఎడమవైపు మోత ఎక్కువ. ఒక చెవిలోనే ఎక్కువగా ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు దడదడమన్నా ఊరికే వదలకూడదన్నారు. విశాఖ వెళ్లి ఎమ్మారై తీయించుకున్నాను. అది మగ్గాల షెడ్డు కంటే నయమేమీ కాదు. గడ్డ లేదని రిపోర్టు వచ్చిన రోజు, వస్తూ వస్తూ పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను.

నన్ను అసలు కుదిపింది మాత్రం ఎమ్మారై కాదు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు రకరకాల కూతలు వినిపించి, ఏది నీదిలా ఉందని అడుగుతూ పోయాడు. 6000 హెర్ట్జ్ దగ్గర కలిసింది. సౌండ్ ఎంతో కొలిచాడు. ఆ కూత నాకు కనీసం వినబడే స్థాయి కంటే 7 డెసిబెల్స్ ఎక్కువ. అంతే.

"బాబూ, మిషను పాడైనట్టుంది. మళ్లీ చూడు," అన్నాను. మళ్లీ చూశాడు. అంతే. చాలామందిలో ఇంతేనట.

ఆ రాత్రి ఆలోచించాను. మగ్గాలు ఆడుతుండగా గోనెసంచుల మీద కునుకు తీసినవాణ్ణి, ఇంత చిన్న కూతకు ఏడాది పాటు నిద్ర లేకుండా ఎలా ఉన్నాను? 1990లో జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త దీని గురించే రాశాడని డాక్టరమ్మ చెప్పింది. శబ్దం ఎంత పెద్దదన్నది కాదు, మెదడులో భయం పుట్టించే భాగాలు దాన్ని పట్టుకోవడమే బాధంతా అంటాడట. మగ్గాల హోరు నాకు కూలి, దాంతో భయమేముంది? ఈ కూత మాత్రం ఏదో రోగానికి గుర్తనిపించింది. గడ్డ లేదని తెలిశాక సగం పట్టు వదిలింది.

మిగతా సగానికి మా అమ్మాయి డబ్బుతో రెండు చెవులకూ మిషన్లు పెట్టించాం, 38 వేలు. మొదటి రోజు పోపులో ఆవాలు చిటపటలాడితే ఉలిక్కిపడ్డాను, ఆ చప్పుడు మర్చిపోయి ఎన్నేళ్లైందో. బయటి శబ్దాలు లోపలికి వచ్చేసరికి కీచురాయి మూలకు జరిగింది. రాత్రి మిషన్లు తీస్తే మళ్లీ వస్తుంది. ఫ్యాన్ వేసుకుంటాను, చలికాలంలో కూడా. దుప్పటి విషయంలో మా ఆవిడకూ నాకూ రోజూ గొడవే.

మొన్న ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మా పాత షెడ్డు మనిషి కనిపించాడు. నా చెవి మిషను చూసి, చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు. "బావా, నాకూ ఏదో కూత. ఇంట్లో చెప్పనేదు."

"ఏ చెవిలో?"

"చెవిలో కాదు బావా. బుర్ర నడిమధ్యన. అందుకే భయమేసి ఎవరికీ చెప్పనేదు."

సోమవారం తీసుకెళ్తానన్నాను. దూది మాత్రం పెట్టొద్దని అక్కడే చెప్పాను. జేబులోంచి రెండు ఉండలు తీసి చూపించాడు.