తాడు వెంట చీకట్లోకి: తులూమ్ నీటి గుహల్లో

మునిగిపోయిన ఓడల్లో డైవింగ్ చేస్తూ వచ్చిన నాకు గుహల మీదికి మనసు మళ్లింది ఎర్రసముద్రంలోని థిసిల్‌గార్మ్ దగ్గర. 1941 అక్టోబర్ 6న జర్మన్ బాంబులకు మునిగిన బ్రిటిష్ సరుకు ఓడ అది. సుమారు 30 మీటర్ల లోతున, మోటార్‌సైకిళ్లు, లారీలు ఎక్కించినవి ఎక్కించినట్టే ఉన్నాయి. ఆ అరల్లో తిరుగుతున్నప్పుడు ఎటు తల తిప్పినా ఏదో ఒక సందులోంచి నీలి వెలుతురు కనిపిస్తుంది. నా ధైర్యమంతా ఆ వెలుతురే. అది లేని చోట నేనెలా ఉంటానో తెలుసుకోవాలన్న కోరిక అక్కడ పుట్టింది. ఆ కోరికతోనే మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పానికి బయలుదేరాను.

కాన్‌కున్ నుంచి తీరం వెంట దక్షిణంగా వెళ్తే తులూమ్ వస్తుంది. దారి పొడవునా చదునైన అడవే తప్ప ఒక్క నదీ తగలదు. కురిసిన వాన కురిసినట్టే సున్నపురాయి పగుళ్లలోంచి కిందికి దిగిపోతుంది. అక్కడి నదులన్నీ నేల కిందే పారతాయి. గుహ పైకప్పు కూలిన చోట లోపలి నీరు బయటపడుతుంది. ఆ గుంటలను సెనోటేలు అంటారు. మాయా ప్రజల ఊళ్లు వీటి చుట్టూ పెరిగాయి. ఇప్పటికీ ఆ ప్రాంతం తాగేది ఈ భూగర్భ జలమే. పైన చెట్ల మధ్య చిన్న కొలనులా ఉంటుంది, లోపల కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు. సాక్ ఆక్టున్, దోస్ ఓహోస్ అనే రెండు గుహ వ్యవస్థలు లోపల కలిసే ఉన్నాయని 2018 జనవరిలో డైవర్లు తేల్చారు. అప్పటికి కొలిచిన మొత్తం పొడవు 347 కిలోమీటర్లు. తులూమ్‌కు దక్షిణాన ఉన్న ఓష్ బెల్ హా కూడా అంతటి వ్యవస్థే.

ఈ సొరంగాల గురించి మనకు తెలిసిందంతా ఎవరో ఒకరు తాడు పరుచుకుంటూ ఈది, ఆ తాడును కొలిచి తెచ్చిన లెక్కే. ఉపగ్రహాలకు అవి కనిపించవు. ఈ విషయం నేను ముందే చదివాను గానీ, దాని బరువు మాత్రం ఆ తాడును చేత్తో పట్టుకున్నాకే తెలిసింది.

మా ఇన్‌స్ట్రక్టర్ ఏళ్లుగా అక్కడే ఉంటూ, పాఠాలు లేని రోజుల్లో కొత్త సొరంగాలు వెతికే మనిషి. మొదటిరోజు మమ్మల్ని నీళ్లలోకి దించలేదు. సామానంతా నేల మీద పరిపించి, ఒక్కొక్కటీ ఎందుకు తెచ్చామో చెప్పమన్నారు. మాది సైడ్‌మౌంట్ పద్ధతి. వీపు మీద సిలిండర్ ఉండదు. రెండు సిలిండర్లు చెరోవైపు చంక కింద నుంచి నడుము దాకా ఒంటికి ఆనుకుని ఉంటాయి. వాల్వులు కళ్ల ముందే ఉంటాయి కాబట్టి ఏదైనా లీకయితే వెంటనే చూసి కట్టేయొచ్చు. సన్నటి సందుల్లో దూరడమూ తేలిక. ఊపిరి అందించే రెగ్యులేటర్ దేనిది దానిదే, మిగిలిన గాలి చూపే ప్రెజర్ గేజ్ దేనిది దానిదే. కుడి సిలిండర్‌కు రెండు మీటర్లకు పైగా పొడవున్న హోస్ ఉంటుంది. జతగాడి గాలి అయిపోతే అది అందించి, ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు ఈదుకుంటూ బయటికి రావచ్చు.

లైట్లు మనిషికి మూడు ఉండాలి. ఒకటి ప్రధానమైనది, రెండు అది ఆరిపోతే వాడుకోవడానికి. పాతతరం డైవర్లు నడుముకు బరువైన బ్యాటరీ డబ్బా కట్టుకుని, హాలోజన్ బల్బు ఎప్పుడు ఆరుతుందో అన్న భయంతో ఈదేవారట. ఇప్పుడు ఎల్‌ఈడీ, లిథియం బ్యాటరీ వచ్చాక అరచేతిలో పట్టే లైటు గంటల తరబడి వెలుగుతుంది. గుహ డైవింగ్‌లో వచ్చిన మార్పులన్నిటిలోకీ నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. చీకట్లో మన భాష కూడా లైటే కదా. గోడ మీద వెలుగును నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే అంతా బాగుందని అర్థం. అడ్డంగా గబగబా ఊపితే ప్రమాదమని.

ఆ మధ్యాహ్నమంతా అడవిలో చెట్లకు తాడు కట్టి, కళ్లకు గంతలతో నడిచాం. బొటనవేలు, చూపుడువేలు కలిపి తాడు చుట్టూ ఉంగరంలా పెట్టాలి. లాగకూడదు, వదలకూడదు. వెనకవాడు ముందువాడి చెయ్యి పట్టుకుంటాడు. ముందుకు తోస్తే కదలమని, గట్టిగా నొక్కితే ఆగమని. దారిలో తాడుకు ప్లాస్టిక్ బాణాలు తగిలించి ఉంటాయి. బాణం మొన ఎటు ఉంటే అటు దగ్గరి బయటి దారి. లైట్లన్నీ ఆరిపోయినా, బురద లేచి ఏమీ కనిపించకపోయినా వేలితో తడిమి దిక్కు తెలుసుకోవాలి. నేల మీద, ఊపిరికి కొరత లేని చోట చేస్తున్నా చెమటలు పట్టాయి.

తర్వాతి రోజు కార్‌వాష్ అనే సెనోటేకు వెళ్లాం. రోడ్డు పక్కనే ఉండటంతో ఒకప్పుడు టాక్సీ డ్రైవర్లు అక్కడ కార్లు కడుక్కునేవారు. అసలు పేరు ఆక్టున్ హా. పైన పచ్చటి నాచు, కలువ ఆకుల మధ్య చేపపిల్లలు. కాస్త కిందికి దిగేసరికి నీరు ఎంత తేటగా ఉందంటే, ముందు ఈదుతున్న మనిషి గాలిలో తేలుతున్నట్టే ఉంది. పగటి వెలుతురు చివర ఒక బోర్డు కనిపించింది. దాని మీద కొడవలి పట్టిన మృత్యువు బొమ్మ, ఆగమనే హెచ్చరిక. శిక్షణ లేకుండా ఇలాంటి గుహల్లోకి వెళ్లి చనిపోయినవాళ్లలో అనుభవమున్న సముద్ర డైవర్లూ, ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారు.

ఆ చావులను కూర్చుని పరిశీలించినవాడు అమెరికాకు చెందిన షెక్ ఎక్స్‌లీ. 1970లలో ప్రమాదాల వివరాలన్నీ పోగుచేసి చూస్తే, దాదాపు అన్నిచోట్లా అవే కారణాలు తేలాయి. బయటిదాకా తెగకుండా తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి గాలి మిగుల్చుకోకపోవడం, స్థాయికి మించిన లోతుకు దిగడం. శిక్షణ, లైట్ల సంగతి తర్వాత చేరింది. ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోనే, జకాటోన్ అనే అతి లోతైన నీటి గుంట అడుగు చూడబోయి ప్రాణాలు వదిలాడు. ఈ క్రీడలో నాకు అందరికంటే గౌరవం ఆయన మీదే. ఎందరో మనుషుల చివరి నిమిషాలను చదివి, మిగతావాళ్లు బతకడానికి దారి రాసిపెట్టాడు.

గాలి లెక్క మూడో వంతుల్లో ఉంటుంది. ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, మిగిలిన వంతు ఆపదకు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 210 బార్ ఉంటే 140కి రాగానే వెనక్కి తిరగాలి. ముందు ఎంత అందమైనది ఉన్నా సరే. జట్టులో ఎవరి లెక్క ముందు వచ్చినా అందరూ తిరగాల్సిందే, కారణం అడగకూడదు. ఎవరికైనా ఊరికే మనసు బాగోలేక, తిరిగిపోదామని బొటనవేలు పైకి చూపినా అంతే. ఈ ఒక్క నియమం వల్ల నాలో సగం టెన్షన్ పోయింది. మొహమాటంతో ఎవరూ ముందుకు సాగాల్సిన పని లేదు.

వెలుతురులో ఉండగానే రీల్‌లోని తాడును ఒక రాయికి కట్టాం. గుహ నోటి దగ్గర రెండో ముడి వేశాం. అక్కడి నుంచి ఆ తాడు వదులుకుంటూ, లోపల ఎప్పటినుంచో ఉన్న పసుపురంగు ప్రధాన తాడును అందుకున్నాం. ఆ తర్వాత వెనక్కి చూస్తే పగలు లేదు. నేను భయపడిన క్షణం అదే. కానీ చుట్టూ ఉన్నదాన్ని చూసేసరికి భయం గుర్తు రాలేదు. పైకప్పు నుంచి సన్నటి గొట్టాల్లా వేలాడే సున్నపు ఊచలు, నేల నుంచి లేచిన స్తంభాలు, రెండూ కలిసి మొలిచిన తెరలు. ప్రధాన తాడు వదిలి, తాడు చుట్టిన చిన్న స్పూల్‌తో పక్క సొరంగానికి దారి కలుపుకుని వెళ్తే ‘కన్నీళ్ల గది’ అనే చోటు వస్తుంది. అంత తెల్లటి రాతిని నేను ఎక్కడా చూడలేదు.

నీటిలో ఇవి ఏర్పడవు. నీటిబొట్టు గాలిలోకి జారి, తెచ్చిన సున్నాన్ని వదిలితేనే ఒక్కో పొర చేరుతుంది. అంటే ఈ గుహ ఒకప్పుడు పొడిగా ఉంది. చివరి మంచుయుగం ఉద్ధృతంగా ఉన్నప్పుడు, సుమారు 20,000 ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది. మంచు కరిగి సముద్రం పెరిగాక గుహలు మునిగాయి. పొడిగా ఉన్న రోజుల్లో మనుషులు వీటిలోకి వచ్చారు. 2007లో ముగ్గురు డైవర్లు సొరంగం చివర నేల ఒక్కసారిగా మాయమై పెద్ద గొయ్యి తెరుచుకోవడం చూశారు. దానికి ఓయో నెగ్రో అని పేరు పెట్టారు. అడుగున ఏనుగు జాతి జంతువుల ఎముకల మధ్య ఒక అమ్మాయి అస్థిపంజరం దొరికింది. నీళ్ల కోసం చీకట్లో వచ్చి పడిపోయి ఉంటుందని అంటారు. నయా అని పిలుచుకునే ఆ అమ్మాయి 12,000 ఏళ్లకు పూర్వపుది. ఆమె డీఎన్‌ఏ ఫలితాలు 2014లో వచ్చాయి. ఆ గొయ్యిని కనుగొన్నదీ, మొదట ఫొటోలు తీసిందీ గుహ డైవర్లే.

అందుకే అక్కడ ఈత తీరు గురించి అంత పట్టింపు. కాళ్లు పైకీ కిందికీ కొడితే నేల మీది మట్టి లేచి క్షణాల్లో ఏమీ కనిపించదు. మోకాళ్లు మడిచి, పాదాలతో నీటిని వెనక్కి నెట్టాలి. పాదాలకు తొడిగిన ఫిన్ అంచు ఒక్కసారి తగిలినా విరిగే ఊచ మళ్లీ మొలవదు, ఆ గుహ పొడిగా ఉంటే కదా. ఒకచోట ఎవరో విరగ్గొట్టిన ముక్కలు నేల మీద పడి ఉన్నాయి. చాలా బాధనిపించింది. చేతిలో కెమెరా పట్టుకుని, నీటిలో కదలకుండా నిలబడటం రానివాళ్లను గుహల్లోకి తీసుకెళ్లకూడదని నా అభిప్రాయం.

ఇంకో సెనోటేలో రెండు నీళ్లు కలిసే పొరలోంచి వెళ్లాం. పైన వాననీరు, కింద రాళ్లలోంచి చొచ్చుకొచ్చిన సముద్రపు నీరు. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. ఆ సరిహద్దును హాలోక్లైన్ అంటారు. దాన్ని కదపకుండా పైనుంచి చూస్తే కింద ఇంకో నీటిమట్టం ఉన్నట్టే ఉంటుంది. అందులోకి దిగగానే ఎండాకాలం తారురోడ్డు మీది గాలిలా అంతా వణికి, చేతి కంప్యూటర్‌లో అంకెలు చెదిరిపోతాయి. ఇంకాస్త దిగితే మళ్లీ తేట, నీరు కొంచెం వెచ్చన. రెండు నీళ్లు విడివిడిగా చేయలేనంతగా, కలిసిన చోట సున్నపురాయిని కరిగిస్తాయి. ఈ సొరంగాల్లో చాలావాటిని తొలిచింది ఆ పొరే. ముందున్న జతగాడు దాన్ని కదిపితే వెనకవాడికి తాడు కూడా సరిగ్గా కనిపించదు. నేను తాడుకు కొంచెం పక్కగా జరిగి ఈదాను.

సాయంత్రాలు సిలిండర్లు నింపే చోట ప్రపంచం నలుమూలల వాళ్లు కలిసేవారు. లోతైన ఓడల్లోకి దిగేవాళ్లతో మాట్లాడితే వాళ్ల చింత వేరు. 70 మీటర్ల లోతున మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, ఆక్సిజన్ విషమవుతుంది. అందుకని హీలియం కలిపిన ట్రైమిక్స్ వాడతారు. పైకి వస్తూ గంటల కొద్దీ ఆగుతూ ఒంట్లోని వాయువును వదిలించుకుంటారు. యుకటాన్ గుహలు ఎక్కువగా 20 మీటర్ల లోపే. ఇక్కడ లోతు కంటే దూరమే సమస్య.

దూరాలు వెళ్లేవాళ్లు రీబ్రీదర్ వాడతారు. మనం వదిలిన ఊపిరి బుడగలుగా పోకుండా గొట్టంలోనే తిరుగుతుంది. సోడాలైమ్ నింపిన డబ్బా కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది. తగ్గిన ఆక్సిజన్‌ను, సాధారణంగా మూడు సెన్సర్లు చూసి, యంత్రం కలుపుతుంది. గుహకూ ఇది మేలే. బుడగలు పైకప్పుకు తగిలి మట్టిని రాల్చవు. కానీ ఆక్సిజన్ తగ్గినా, పెరిగినా, సోడాలైమ్ పనితనం అయిపోయినా మనిషికి ముందుగా తెలియకపోవచ్చు. అది చెడితే బయటిదాకా రావడానికి వేరే సిలిండర్లు మోసుకెళ్లాల్సిందే. కొత్త సొరంగాలు కొలిచేవాళ్లకు అది అవసరం. నాలాంటి వాళ్లు మామూలు సిలిండర్లతో కొన్నేళ్లు తిరిగాకే దాని గురించి ఆలోచించాలని నాకు అనిపించింది.

చివర్లో నేను అడిగిందే నేర్పించారు: కొలవడం. తాడుకు ప్రతి మూడు మీటర్లకూ ఒక ముడి ఉంటుంది. తాడు మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగి ముడులు లెక్కపెట్టాలి, దిక్సూచితో దిశ చూడాలి, లోతు చూడాలి, మూడూ ముంజేతి మీది నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయాలి. తాడు మీద జార్చుకుంటూ పోతే ఈ మూడిటినీ తనే నమోదు చేసే చిన్న పరికరాలు ఇప్పుడు వచ్చాయి. అయినా మా చేత పెన్సిల్‌తోనే రాయించారు. పైకి వచ్చి కాగితం మీద గీస్తే, గంటకు పైగా మేం ఈదిన దారి వంకర గీతగా కనిపించింది. వాళ్ల దగ్గరున్న పటం మీద పెట్టి చూస్తే దాదాపు సరిపోయింది. ఇన్ని వందల కిలోమీటర్లు ఇలా ముడి ముడిగా వచ్చాయన్న సంగతి అప్పుడు నాకు చేతికి అందింది.

విమానం ఎక్కే ముందు రోజు డైవింగ్ మానేయాలి కాబట్టి, ఇన్‌స్ట్రక్టర్ మమ్మల్ని అడవిలో నీళ్లు తక్కువగా ఉన్న ఒక గుహకు నడిపించారు. ప్లాయా డెల్ కార్మెన్ నుంచి తులూమ్ వైపు వచ్చే ‘మాయా రైలు’ మార్గం ఆ అడవి మీదుగానే వెళ్తుంది. రైలు వెళ్లే వంతెనను మోయడానికి వేల ఉక్కు గొట్టాలు నేలలోకి దించి కాంక్రీటు నింపారు. వాటిలో కొన్ని గుహల పైకప్పులను చీల్చుకుని దిగాయి. సున్నపు ఊచల మధ్య తుప్పుపట్టిన గొట్టం నిలబడి ఉంది, దాని మొదట్లో కారి గట్టిపడిన కాంక్రీటు. రైలు వల్ల ఉద్యోగాలు వస్తాయని నమ్మే స్థానికులూ ఉన్నారు, వాళ్ల మాటా విన్నాను. కానీ నాకు మాత్రం ఆ నీటి మీద అంత బరువు ఆ దారిలోనే పెట్టాల్సింది కాదనిపించింది. ఈ గొట్టాల సంగతి బయటపడింది అక్కడి గుహ డైవర్లు, గుహ పరిశోధకులు తిరిగి ఫొటోలు తీయడం వల్ల. ఏ స్తంభం ఏ సొరంగంలో దిగిందో చెప్పాలంటే కింద సొరంగం ఎక్కడుందో కొలిచి ఉండాలి. పటం లేని గుహ పోయినా ఎవరికీ తెలియదు. ఆ రోజు ఇన్‌స్ట్రక్టర్ ఆ గొట్టం చుట్టూ టేపు పెట్టి కొలుస్తుంటే నేను లైటు పట్టుకున్నాను, నా జతగాడు అంకెలు రాశాడు.