బెంచ్ పవర్ సప్లై: ముందు మాడ్యూల్, వెనక ఎల్ఎం317

పవర్ సప్లై పని ఒక కొలిక్కి వచ్చింది. 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ బ్రిడ్జ్, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ దాటాక దాదాపు 24 వోల్టుల డీసీ వస్తోంది. దీన్ని నేరుగా ఎల్ఎం317కి (అదనపు వోల్టేజీని వేడిగా పోగొట్టి అవుట్‌పుట్‌ను స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ చిప్) ఇచ్చి 5 వోల్టుల దగ్గర ఒక ఆంప్ లాగితే 19 వాట్లు వేడిగా పోతాయి, దానికి పెద్ద హీట్ సింక్ కావాలి. అందుకే మధ్యలో, పెద్దగా వేడి లేకుండా వోల్టేజీని తగ్గించే బక్ మాడ్యూల్ పెట్టాను. అందులో ఎల్ఎం2596 చిప్ ఉన్నదే ఎంచుకున్నాను, ఎందుకంటే షాపుల్లో ఇప్పుడు ఏది లేకపోయినా అది ఉంటుంది.

ఒకప్పుడు ఆ షాపుల సొరుగుల నిండా బీసీ547, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, రేడియోల్లో వాడే గ్యాంగ్ కండెన్సర్లు (స్టేషన్ మార్చేవి), 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ కాయిల్స్ ఉండేవి. 2005లో ఆర్డునో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న బోర్డు), 2014లో ఈఎస్‌పీ8266 (వైఫై చిప్) వచ్చాక వాటి చోట్లోకి బోర్డులు, సెన్సర్లు, రిలే మాడ్యూళ్లు వచ్చి చేరాయి. ఇందులో షాపు వాళ్ల తప్పేమీ లేదు, ఫ్యాక్టరీలు పెద్ద ఎత్తున వాడే పార్టులే చిల్లరగా మన దాకా వస్తాయి, ఫ్యాక్టరీలు ఎస్ఎండీకి (బోర్డు పైనే అతికే చిన్న పార్టులకు) మారిపోయాక పొడవు కాళ్ల పార్టులు తగ్గక తప్పదు. 1972 నాటి 555 టైమర్ చిప్ మాత్రం ఇంకా దొరుకుతోంది, అది చూస్తే నాకు నిజంగా సంతోషం. గ్యాంగ్ కండెన్సర్ కోసమైతే పాత రేడియో విప్పుకోవాల్సిందే.

సరే, మాడ్యూల్ సంగతి. ఎల్ఎం2596 ఆన్-ఆఫ్ అవుతూ పని చేయాల్సింది 150 కిలోహెర్ట్జ్ దగ్గర. ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే నాకు దొరికిన దానిలో 50 దగ్గరే ఉంది, అంటే చిప్ మీద పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. చౌక మాడ్యూళ్లలో ఇది మామూలే, కొన్నవాళ్లు ఒకసారి కొలిచి చూసుకోండి. అవుట్‌పుట్‌లో 10 మైక్రోహెన్రీ కాయిల్, 100 మైక్రోఫారడ్ లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) కెపాసిటర్ వేశాను. ఈ ఫిల్టర్ కటాఫ్ (అంతకు పైనున్న ఫ్రీక్వెన్సీలను అణచే హద్దు) 5 కిలోహెర్ట్జ్ కాబట్టి 50 దగ్గర కూడా రిపుల్ (వోల్టేజీలో మిగిలే హెచ్చుతగ్గులు) బాగా అణిగింది. మాడ్యూల్ మీద ఇన్‌పుట్ కెపాసిటర్ ఎన్ని వోల్టులదో కూడా చూడండి, చిప్ 40 వోల్టుల దాకా తట్టుకున్నా చాలా బోర్డుల మీద వేసేది 35 వోల్టులదే.

బక్‌ను అవుట్‌పుట్ కన్నా 3 వోల్టులు ఎక్కువకు సెట్ చేస్తే ఒక ఆంప్ దగ్గర 317లో పోయేది 3 వాట్లే. 317 వోల్టేజీని నిర్ణయించే రెసిస్టర్ ఆర్1 120 ఓమ్‌లు, పాట్ (తిప్పే రెసిస్టర్) 1కే, అంటే వెయ్యి ఓమ్‌లు వేస్తే 1.25 నుంచి దాదాపు 11.7 వోల్టుల దాకా తిరుగుతుంది. ప్రస్తుతానికి బక్ ట్రిమ్‌పాట్‌ను (మాడ్యూల్ మీదున్న చిన్న పాట్) విడిగా తిప్పుకోవాలి. 317 అవుట్‌పుట్‌ను బట్టి బక్ తనంతట తానే మారేలా ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్‌తో ఫీడ్‌బ్యాక్ కలపడం తర్వాతి పని, జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ బోర్డు) మీద దానికి చోటు వదిలాను.