చదివింది గుర్తుంటేనే మళ్లీ పుస్తకం తీయాలనిపిస్తుంది

“మావాడికి చదువు మీద శ్రద్ధే లేదండీ” అని అమ్మానాన్నలు, “మూడ్ రావట్లేదు” అని పిల్లలు. ఇంట్లో తొమ్మిదో పదో చదివేవాళ్లుంటే ఈ రెండు మాటలూ తరచూ వినబడతాయి. చాలామంది పిల్లల్లో అసలు లోటు చదివే తీరులో ఉంటుంది. గంటన్నర కూర్చుని పాఠం మూడుసార్లు చదివి, మర్నాడు స్లిప్ టెస్టులో పదికి నాలుగు తెచ్చుకున్న పిల్లకి మళ్లీ కూర్చోబుద్ధి ఎలా అవుతుంది? పడ్డ కష్టానికి ఫలం కనబడాలి. అప్పుడు ఉత్సాహం కోసం వేరే వెతుక్కోనక్కర్లేదు.

ఒకే పాఠాన్ని తిరగేస్తుంటే మూడోసారికి వాక్యాలన్నీ తెలిసినవిగా అనిపిస్తాయి. దాన్నే ‘వచ్చేసింది’ అనుకుంటాం. పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు కాబట్టి అక్కడ ఆ వాక్యాలను మనమే బయటికి లాగాలి. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించి చూశారు. చదివిన 5 నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసి చూసుకున్నవాళ్లు వాళ్లను దాటేశారు.

కాబట్టి ఇలా చేయండి. పాఠంలో రెండు పేజీలు, అంటే 10–12 నిమిషాల్లో అయ్యే ముక్క తీసుకోండి. నిదానంగా ఒక్కసారే చదవండి. పుస్తకం మూసి, రఫ్ కాగితం మీద 7–8 నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. పొడి మాటలు, బాణం గుర్తులు, బొమ్మలు చాలు, పూర్తి వాక్యాలు అక్కర్లేదు. గుండె పాఠమైతే నాలుగు గదులూ గీసి రక్తం ఎటు పోతుందో బాణాలు వేయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో చేర్చండి. ఆ ఎర్ర అక్షరాలే మీకు రానివి. మిగతావి మళ్లీ చదవనక్కర్లేదు కాబట్టి సమయం మిగిలేది ఇక్కడే.

దీనిలో ఎక్కువమంది తప్పేది ఒకచోట. రెండో నిమిషంలో ఏమీ తోచక, ‘ఒక్కసారి చూద్దాం’ అని పుస్తకం తెరిచేస్తారు. ఆ తడుముకోవడం వల్లే జ్ఞాపకం గట్టిపడుతుంది, కాబట్టి కాస్త ఇబ్బందిగా ఉన్నా ఆగండి. మొదటి మూడు నాలుగు రోజులు కాగితం సగం ఎర్రగానే ఉంటుంది. అది చూసి ‘నాకు రాదు’ అనుకుని మానేయకండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇంకో మాట. ఇంట్లో మాట్లాడేది తెలుగైతే, పుస్తకం మూశాక ముందు తెలుగులోనే చెప్పుకోండి. అలా చెప్పలేకపోతే పాఠం అర్థం కాలేదన్నట్టే. చెప్పగలిగితే ఇంగ్లిష్ పదాలు పక్కన చేర్చుకోవడానికి ఎంతోసేపు పట్టదు. అర్థం తెలియకుండా ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పట్టినప్పుడు, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే కలం ఆగిపోతుంది.

రాసిన కాగితం పారేయకుండా పాఠం పేరు పక్కన పెన్సిలుతో తేదీ వేయండి. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలాఖర్లో ఒకసారి ఎర్రవి మాత్రం చూడకుండా చెప్పుకోండి. ప్రతిసారీ 5 నిమిషాలు చాలు. ఏదైనా మరిచిపోతే దాన్ని మళ్లీ ‘మర్నాటి’ వరసలోకి తేవాలి.

లెక్కలకు, భౌతికశాస్త్రం లెక్కలకు తప్పుల నోట్సు ఒకటి పెట్టండి. లెక్క, ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అని మూడు గళ్లు. ఉదాహరణకు, కుంభాకార కటకం నాభ్యంతరం 10 సెంటీమీటర్లు, వస్తువు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ప్రతిబింబ దూరం 30 రావాలి. వస్తు దూరానికి ఋణ గుర్తు పెట్టడం మరిచిపోతే 6 వస్తుంది. ‘అజాగ్రత్త’ అని రాస్తే ఉపయోగం లేదు, ‘వస్తు దూరం ముందు మైనస్ పెట్టలేదు’ అని రాయాలి. ఇరవై లెక్కలు చేరేసరికి మీరు తప్పేది రెండు మూడు చోట్లేనని మీకే కనబడుతుంది. గైడు చూడాల్సి వస్తే, 5 నిమిషాలు ప్రయత్నించాక ఒక్క వరుస చూసి, మిగతాది చేత్తో మూసి మీరే చేయండి.

ఇక కూర్చోవడం దగ్గరికొద్దాం. ‘సాయంత్రం చదువుతాను’ అనుకుంటే సాయంత్రం ఎప్పుడైపోయిందో తెలియదు. ‘ఆరున్నరకి, పాల గ్లాసు సింకులో పెట్టగానే, ముందుగదిలో కూర్చుని నిన్నటి ఎర్రవి చెప్పుకుంటాను’ అని సమయం, చోటు, మొదటి పని కలిపి అనుకోవాలి. మొదటి పని 5 నిమిషాలదై ఉంటే కూర్చోవడానికి బద్ధకించరు. తర్వాత 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. సమయానికి గోడ గడియారం చూడండి, ఫోన్ టైమరు వద్దు. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తుందంటారు, నిజమే. కూర్చునే ముందు ఒకసారి తెరిచి, కాగితం మీద రాసుకుని, ఫోన్ వేరే గదిలో పెట్టి రండి. విరామంలోనూ ముట్టుకోకండి, రీల్స్ తెరిస్తే 5 నిమిషాలు 40 అవుతాయి.

నిద్ర విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. 13–18 ఏళ్లవాళ్లకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర ఎంతో తోడ్పడుతుంది. యుక్తవయసులో రాత్రి నిద్ర సహజంగానే ఆలస్యంగా వస్తుంది, అది సోమరితనం కాదు. రాత్రి పదకొండు దాకా మేల్కొన్న పిల్లని తెల్లవారి నాలుగింటికి లేపితే దక్కేది 5 గంటలే. తెల్లవారి చదువే నచ్చితే రాత్రి ఎనిమిదింటికల్లా పడుకోవాలి. హాస్టల్లో స్టడీ అవర్ల వేళలు మన చేతిలో ఉండవు. అక్కడ కూడా రఫ్ నోట్సు చివరి పేజీ తీసి, చూడకుండా రాయడం ఎవరూ ఆపరు.

పెద్దవాళ్లూ ‘ఎన్ని గంటలు చదివావు?’ అని అడగడం మానండి. ఆ ప్రశ్న వల్లే పిల్లలు పుస్తకం ముందు ఊరికే కూర్చోవడం నేర్చుకుంటారు. ‘ఈరోజు ఎర్ర పెన్నుతో ఏం రాశావు, చూపించు’ అని అడగండి. జ్వరమొచ్చిన రోజు, పెళ్లికి వెళ్లొచ్చిన రోజు నిన్నటి ఎర్రవి మాత్రం చెప్పించుకుని పడుకోనివ్వండి.