రంగసూచనల్లో ఉన్న వడ్రంగి: వలస రాజ్యాల్లో విక్టోరియన్ మెలోడ్రామా ఎలా ఆడించారు

విక్టోరియా కాలపు మెలోడ్రామా, అంటే ఉద్వేగాలూ ఉత్కంఠా దట్టించిన నాటకం, దాని పుస్తకం ఒకటి చేతికొస్తే ముందు సంభాషణలు చదవకండి, రంగసూచనలు చదవండి. లండన్ ప్రచురణకర్త లేసీ అచ్చువేసిన ప్రతుల్లో, ఆ తర్వాత డిక్స్ ఒక్క పెన్నీకి అమ్మిన ప్రతుల్లో ఏ పాత్ర ఏ వింగులోంచి (రంగస్థలం పక్క మరుగులోంచి) రావాలి, ఏ రంగం ఎన్నో వరసలో నిలబెట్టాలి, ఎవరు ఏం తొడుక్కోవాలి అన్నీ ఉంటాయి. కలకత్తా, బొంబాయి, సిడ్నీ, మెల్బోర్న్ ఓడరేవుల్లో దిగిన మెలోడ్రామా చాలావరకు ఈ పుస్తకాల రూపంలోనే దిగింది. రంగస్థలం మాత్రం ఎక్కడికక్కడ, దొరికిన కలపతో, దొరికిన దీపాలతో కట్టుకోవలసి వచ్చింది.

ఈ నాటకాల కథలు పలచన అని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. కథ ఎందుకలా నడిచిందో తెలియాలంటే తెర వెనక పని తెలియాలి.

అప్పటి ఇంగ్లీషు పద్ధతి రంగస్థలం వెనక్కి పోయేకొద్దీ కొంచెం పైకి లేస్తుంది. మామూలు లెక్క అడుగుకు అర అంగుళం, అంటే 24కి 1. రెండు పక్కలా నేల మీదా, పైనా చెక్క గాడులు ఉంటాయి. చట్రానికి కాన్వాసు బిగించిన ఫ్లాట్లు ఆ గాడుల్లో జారతాయి. అటు నుంచి సగం, ఇటు నుంచి సగం వచ్చి నడుమ కలిస్తే ఒక వీధో గదో అవుతుంది. తెర పక్క నుంచి ఆట నడిపే ప్రాంప్టర్ ఈల వేస్తాడు, రెండు పక్కల జట్లూ ఒక్కసారే నెడతాయి.

చెప్పడానికి ఇంతే, కానీ తేమ గాలిలో దీనితో పెద్ద చిక్కు. గాడికి సరిగ్గా పట్టేలా చిత్రిక పట్టిన చట్రం వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతుంది. భయపడి వదులుగా చేస్తే ఎండాకాలంలో గాడిలో ఊగుతుంది, నడుమ సందు పడి వెనక నడిచే పనివాళ్లు కనిపిస్తారు. విరుగుడు రెండు రకాలుగా చేయాలి. గాడిని కాస్త వదులుగా ఉంచి సబ్బో గ్రాఫైటు పొడో రాయడం ఒకటి. ఒక ఫ్లాటు అంచు వెనక సన్నటి బద్ద కొట్టి, రెండోది దాని మీదికి వచ్చేలా చేయడం రెండోది. అప్పుడు సందు పడినా వెలుతురు అవతలికి పోదు. వాలు వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. చక్రాల మీద ఉన్న ఏ సామానైనా అడ్డంగా లాగితే బాగానే నడుస్తుంది గానీ, కొంచెం వంకరగా నిలబెడితే ప్రేక్షకుల వైపు దొర్లుతుంది. అందుకే ప్రతి చక్రానికీ ఒక చెక్క చీలిక, దాన్ని పెట్టడానికీ తీయడానికీ పేరుపెట్టి ఒక మనిషి ఉండాలి.

ఇప్పుడు నాటకం అల్లిక చూడండి. పెద్ద సెట్టు రంగం వెనకే ఇంకో పెద్ద సెట్టు రంగం రాదు. నడుమ మొదటి గాడిలో, ప్రేక్షకులకు దగ్గరగా ఒక వీధి సీను పడుతుంది. ఇద్దరు సేవకులు పోట్లాడుకుంటారు, లేదా దుర్మార్గుడు తన పన్నాగం తనకు తానే చెప్పుకుంటాడు. ఆ ఫ్లాట్ల వెనక వడ్రంగులు గుహో వంతెనో నిలబెడుతుంటారు. ఇంగ్లీషువాళ్లు దీన్ని వడ్రంగి సీను అనేవాళ్లు. పుస్తకంలో ఆ సీను మూడు నిమిషాలుందనుకుందాం. లండన్ జట్టుకు అది చాలుతుంది. సగం మంది పనివాళ్లతో, ఇరుకు వింగులతో అదే సెట్టుకు ఏడు నిమిషాలు పట్టే చోట మిగతా నాలుగు నిమిషాలు ఎవరో నింపాలి. హాస్యగాడి పాటలు, పుస్తకంలో లేని ఊరి కబుర్లు దూరడానికి అదే చోటు. కాబట్టి రిహార్సలులో ముందు సెట్టు ఎత్తే పనికి గడియారం పెట్టాలి, మాటలకు ఆ తర్వాత.

జనం డబ్బిచ్చి చూడ్డానికి వచ్చింది సెన్సేషన్ సీను, అంటే ఒళ్లు గగుర్పొడిచే ప్రమాదపు సీను. నాటకకర్త డయన్ బూసికో 1860లో న్యూయార్క్‌లో తొలిసారి ఆడించి, అదే ఏడాది లండన్ అడెల్ఫీ థియేటర్‌కు తెచ్చిన ‘ది కొలీన్ బాన్’లో నీటి గుహ సీను దానికి మంచి మచ్చు. విలన్ తరఫువాడు అమ్మాయిని నీళ్లలోకి తోస్తాడు, హీరో రాతి మీంచి తలకిందులుగా దూకి ఆమెను పైకి తెస్తాడు. నీళ్లంటే నీలిరంగు గాజ్ గుడ్డ, అంటే వలలా పలచటి నేత గుడ్డ, పొరలు. రెండు పక్కలా కుర్రవాళ్లు వాటి అంచులు పట్టుకుని ఊపుతారు. ముందు పొర మెల్లగా, వెనక పొర కొంచెం ముందు వెనకగా ఊగాలి. అన్నీ ఒకే లయలో ఊగితే దుప్పటి దులుపుతున్నట్టు ఉంటుంది. గుడ్డను బిగలాగితే మెరుపు పోతుంది, మరీ వదిలేస్తే నేలకు అంటుకుంటుంది. కొత్త గాజ్ గుడ్డకు గంజి బిగువు ఉంటుంది, ముసురు పట్టిన రాత్రి ఆ బిగువు పోయి తడిగుడ్డలా వేలాడుతుంది. రెండో జత తుత్తునాగం పెట్టెలో దాచుకోవడం తెలివైన పని.

దూకడానికి నేలలో తలుపు, దాని కింద పరుపు కావాలి. లోతైన నేలమాళిగ ఉన్న నాటకశాలలో ఇది సులువు. టౌన్ హాల్లోనో సిపాయిల మెస్సులోనో ఆడేటప్పుడు కింద నేలే ఉంటుంది. అక్కడ రెండు దారులు: నాలుగైదు అడుగుల ఎత్తున వేదిక లేపడం, లేకపోతే నీటి గుడ్డకూ రాతి సెట్టుకూ నడుమ పరుపు దాచి నటుణ్ణి దాని మీదికి దూకించడం. రెండో దారిలో నటుడు గాలిలో కనిపించేది క్షణంలో సగమే గనక ఆ సగాన్నే చంద్రకాంతి దీపం పట్టుకోవాలి. దీపం ఆలస్యమైతే సీనే లేదు.

పరదాల రంగు గురించి కాస్త ఆగి చెప్పాలి. కాన్వాసుకు మొదట సుద్దా బంకా కలిపిన పూత. దాని మీద నీటిలో నూరిన రంగు పొడి, తోళ్లు ఉడికించి తీసిన వేడి బంకతో కలిపి పూస్తారు. బంక గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, మాడితే పట్టు పోతుంది. వేడినీళ్ల గిన్నెలో దింపి ఉంచాలి. బంక ఎక్కువైతే ఆరాక పెంకులుగా లేస్తుంది, తక్కువైతే రాసుకున్న నటుడి కోటుకు ఆకాశం అంటుకుంటుంది. వేడి దేశాల్లో బంక రెండో రోజుకే కుళ్లుతుంది. కుళ్లిన బంకతో వేసిన పరదాకు బూజు పడుతుంది, కంపు హాలంతా నిండుతుంది. కనక ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. ఈ పరదాలను చుట్టాలి గానీ మడవకూడదు, మడత పడిన చోట రంగు రాలుతుంది. ఇంకో మాట: తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన రంగు ఆరాక బాగా లేతబడుతుంది. పైగా గ్యాసు వెలుతురు పసుపు. పగలు వేసిన నీలం రాత్రి మసకబారి ఆకుపచ్చగా తిరుగుతుంది, లేత పసుపు తెల్లగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో వేసిన పరదాను దీపాల కింద చూడకుండా ఒప్పుకోకూడదు.

దీపాలంటే ప్రాణభయం కూడా. కలకత్తా చౌరంఘీ థియేటర్ 1839లో కాలిపోయింది. దాని మేటి నటి ఎస్తర్ లీచ్ 1841లో పార్క్ స్ట్రీట్‌లో సాన్ సూసీ నాటకశాల కట్టించింది. 1843 నవంబరులో ఆట మధ్యలో ఆమె వింగు దగ్గర నిలబడి ఉండగా నూనె దీపం ఆమె గౌనుకు అంటుకుంది. కొన్ని రోజులకే చనిపోయింది. ఆ కాలపు మజ్లిన్ గౌను ఎంత వెడల్పో, వింగుల మధ్య నటి నడిచే దారి ఎంత ఇరుకో పక్కపక్కన పెట్టి చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు, బాధే ఉంది. 1860ల నుంచి బట్టలకు మంట అంటుకోకుండా వాటిని సోడియం టంగ్‌స్టేట్ నీళ్లలో ముంచి ఆరేసే పద్ధతి తెలిసిందే. కానీ అది ఉతికితే పోతుంది, ప్రతి ఉతుక్కీ మళ్లీ ముంచాలి.

సిడ్నీలో గ్యాసు 1841లోనే వచ్చింది, కలకత్తా వీధులకు 1857లో. గ్యాసుతో వచ్చిన పెద్ద మార్పు ఒకే చోట కుళాయిలు తిప్పి రంగస్థలమంతా మసకబరచగలగడం. ఉరుము, దయ్యం, హత్య, అన్నిటికీ అదే ఆధారం. పూర్తిగా ఆర్పేస్తే మళ్లీ ఒక్కొక్కటీ వెలిగించాలి కాబట్టి నీలి మొన మిగిలేదాకా తగ్గించి ఆపాలి.

చంద్రకాంతికీ దయ్యానికీ లైమ్‌లైట్. కాలిన సున్నపు కడ్డీ మీద ఆక్సిజన్, హైడ్రోజన్ మంట పడితే అది తెల్లగా వెలుగుతుంది. ఆక్సిజన్‌ను పొటాషియం క్లోరేటును మాంగనీసు డయాక్సైడుతో వేడిచేసి అక్కడికక్కడే తీసేవాళ్లు. రెండు వాయువులూ రెండు సంచుల్లో, పైన బల్లలు, బల్లల మీద బరువులు. రెండు సంచుల మీదా ఒత్తిడి సమంగా ఉండాలి. కుళాయి కట్టకుండా ఒక బరువు తీస్తే ఒక వాయువు రెండో సంచిలోకి ఎదురెక్కి పేలుడుకు దారి తీస్తుంది. కడ్డీని ఒక్కసారిగా పూర్తి మంటకు పెడితే పగులుతుంది, తిప్పకుండా వదిలితే గుంట పడి వెలుగు చెదురుతుంది. తేమ తగిలిన సున్నం ఇంకా ముందే చేతిలో పిండి అవుతుంది. ఓడ ప్రయాణానికీ వానాకాలానికీ కడ్డీలను మూత బిగించిన డబ్బాలో, పొడి సున్నంలో పూడ్చి ఉంచాలి. ఎర్రమంటకు వాడే స్ట్రాన్షియం నైట్రేటు కూడా అంతే, చెమ్మ పీల్చుకుంటే పొగే వస్తుంది.

దయ్యాలకు రెండు యంత్రాలు పేరుపొందాయి. 1852లో లండన్ ప్రిన్సెస్ థియేటర్‌లో ఆడిన ‘ది కార్సికన్ బ్రదర్స్’ కోసం చేసినదాంట్లో రంగస్థలం అడ్డంగా పొడవైన చీలిక, కింద ఏటవాలు పట్టాల మీద చిన్న బండి ఉంటాయి. నటుడు జారుతూనే నేలలోంచి పైకి వస్తాడు. చీలికను కాన్వాసు మీద అతికించిన సన్న బద్దలు కప్పుతాయి. ఆ బద్దలు ఉబ్బితే దయ్యం నడుము దగ్గరే ఆగిపోతుంది. ఇది నేలమాళిగ లేని చోట కుదరని యంత్రం. రెండోది 1862 డిసెంబరులో లండన్ పాలిటెక్నిక్‌లో చూపించిన పెప్పర్ దయ్యం. ప్రేక్షకుల వైపు వంచిన, అవతలికి కనిపించే పెద్ద అద్దం, దాని ముందు గోతిలో నల్లగుడ్డ ఎదుట వెలుగులో నిలబడ్డ నటుడు, అద్దంలో అతని నీడరూపం. ఇక్కడ కుడి ఎడమలు తారుమారవుతాయి, దయ్యం కుడిచేత్తో కత్తి పట్టినట్టు కనిపించాలంటే నటుడు ఎడమచేత్తో పట్టాలి. వేదిక మీద ఉన్నవాళ్లకు దయ్యం కనబడనే కనబడదు, నేల మీద సుద్ద గుర్తులే దిక్కు. అంత అద్దం పగలకుండా ఓడలో తేవడం ఖర్చుతో కూడిన పని. నన్నడిగితే చిన్న కంపెనీకి పలచటి గాజ్ గుడ్డ పరదా వెనక దీపం పెట్టి దయ్యాన్ని చూపడమే మేలు. ముందు దీపాలు తగ్గిస్తే పరదా మీది బొమ్మ మాయమై వెనకున్నవాడు కనిపిస్తాడు.

నిప్పు సీను వివరం పుస్తకాల్లో ఒక్క వాక్యమే: ‘ఇల్లు అంటుకుంటుంది’. బూసికో ఇల్లు కాలే సీనున్న ఒకే నాటకాన్ని 1857లో న్యూయార్క్ పేదల కథగా, 1864లో లివర్‌పూల్ పేదల కథగా, అదే ఏడు లండన్ వీధుల కథగా పేరు మార్చి ఆడాడు. ఇల్లు మాత్రం ప్రతిచోటా కాలింది. పడిపోవలసిన దూలాలూ కిటికీ రెక్కలూ ముందే మడతబందులతో బిగించి, ఒక్కోదానికి ఒక్కో తాడు కట్టి, వరసగా వదులుతారు. అసలు మంట ఇనుప పళ్లేల్లోనే ఉండాలి. పక్కన తడి దుప్పట్లు, నీళ్ల బక్కెట్లతో ఇద్దరు నిలబడాలి, వాళ్లకు వేరే పని చెప్పకూడదు.

వడ్రంగం మనవాళ్ల చేతికి వచ్చిన తీరు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. బొంబాయి గ్రాంట్ రోడ్ థియేటర్ 1846లో ఇంగ్లీషు ఆటలకని కట్టింది, 1853 నుంచి అక్కడ మరాఠీ, పార్సీ ఆటలు పడ్డాయి. ఆస్ట్రేలియాలో పేరు తెచ్చుకున్న లూయిస్ దంపతులు కలకత్తాలో నడిపిన నాటకశాలను చూసి, 1873 చివర బెంగాలీలు గ్రేట్ నేషనల్ థియేటర్ కట్టారు. దాని రంగస్థలం ధర్మదాస్ సుర్ పని. అక్కడి నటుల్లో కొందరు అంతకు ముందే, 1872లో, నీలిమందు దొరల దౌర్జన్యం మీద రాసిన బెంగాలీ నాటకం ‘నీల్ దర్పణ్’ ఆడి ఉన్నారు. 1876లో ప్రభుత్వం, తనకు నచ్చని ఆటలను నిషేధించే వీలిచ్చే నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది.

మన వైపు 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు కుటుంబం ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సురభి నాటకాల్లో ఈ పనితనం పౌరాణికానికి ఒదిగింది. చుట్టే పరదాలు, వింగులు, గాలిలో తేలే పాత్రలు అందులో అలాగే ఉన్నాయి. గాలిలో తేల్చే తీగ విషయంలో సూత్రం లండన్‌కైనా సురభికైనా ఒకటే: తీగకు మెరుపు లేని నల్లరంగు పూయాలి, ఎదుటి దీపం తగ్గించి పక్క దీపం పెంచాలి, వెనక పరదా మీద కొమ్మలూ ఆకులూ దట్టంగా గీసి ఉండాలి. నున్నటి ఆకాశం పరదా ముందు తీగ మొదటి వరసకే దొరికిపోతుంది.