డీటీఆర్ పిన్నుతో మూడు ఆదివారాలు

ల్యాప్‌టాప్‌లో టైప్ చేస్తే నా రిగ్ (హామ్ రేడియో సెట్టు) మోర్స్ కోడ్ కొట్టాలి. అంతే నా కోరిక. చేత్తో కొట్టడం రాక కాదు. నేను పరీక్ష రాసినప్పుడు హామ్ లైసెన్సు జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 మాటల వేగం అడిగేవారు, అదెలాగో గట్టెక్కాను. కానీ కాంటెస్టులో (హామ్‌ల పోటీలో) అదే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) వందసార్లు కొట్టేసరికి మణికట్టు లాగేస్తోంది. పర్లాకిమిడిలో మా డాబా మీది గదిలో పని మొదలుపెట్టాను.

సర్క్యూట్ పాతదే. సీరియల్ పోర్టులోని డీటీఆర్ లైను ('నేను సిద్ధం' అని చెప్పే కంట్రోల్ వైరు) మీద సాఫ్ట్‌వేర్ డిట్ (చుక్క), డా (గీత) పంపుతుంది. ఆ లైను 4.7 కిలో ఓముల రెసిస్టర్ గుండా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి వెళ్తుంది. కలెక్టర్ రిగ్ కీ జాక్‌కి (మోర్స్ మీట తగిలించే చోటు), ఎమిటర్ గ్రౌండ్‌కి. నా ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేదు కాబట్టి చిన్న యూఎస్‌బీ మాడ్యూల్ వాడాను. ప్లగ్ పెట్టానో లేదో, పీ... అని ఒకటే మోత. సాఫ్ట్‌వేర్ ఇంకా తెరవనే లేదు! డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీద 5 వాట్లకి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

ట్రాన్సిస్టర్ కాళ్లు తారుమారయ్యాయేమోనని గంటసేపు వెతికాను. తప్పు అక్కడ లేదు. పాత ఆర్‌ఎస్232 పోర్టులో డీటీఆర్ ఊరికే ఉన్నప్పుడు నెగటివ్, పని చేసేటప్పుడు పాజిటివ్. నా యూఎస్‌బీ మాడ్యూల్ టీటీఎల్ రకం (నెగటివ్ లేకుండా సున్నా, హై మాత్రమే), అందులో ఇది తిరగబడుతుంది: ఊరికే ఉంటే హై, పని చేసేటప్పుడు సున్నా. అంటే నా ట్రాన్సిస్టర్ ఎప్పుడూ కీ నొక్కే ఉంచుతోంది, డిట్ వచ్చినప్పుడే వదులుతోంది.

దీనికి ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్పు) మందు. విడిభాగాలకి బరంపురమో శ్రీకాకుళమో పరుగెత్తే ఓపిక లేక పాత మొబైల్ ఛార్జర్ విప్పితే నాలుగు కాళ్ల పీసీ817 దొరికింది. చుక్క ఉన్న కాలు లోపలి ఎల్‌ఈడీకి ఆనోడ్. దాన్ని 1 కిలో ఓమ్ గుండా 5 వోల్టుల పిన్నుకి కలిపి, రెండో కాలు డీటీఆర్‌కి ఇచ్చాను. డీటీఆర్ సున్నాకి దిగితేనే వెలగాలి. అయినా మోత ఆగలేదు! మీటర్ పెట్టి చూస్తే, హైలో ఉన్నప్పుడు డీటీఆర్ 3.3 వోల్టులే. 5లోంచి 3.3 పోతే 1.7. ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమనడానికి 1.2 చాలు. రెసిస్టర్‌ని 5 వోల్టుల పిన్ను నుంచి పక్కనే ఉన్న 3.3 పిన్నుకి మార్చి, విలువ 470 ఓములకి తగ్గించాను. నిశ్శబ్దం! ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

రెండో ఆదివారం ఒక్క డిట్ పంపితే డిట్ల వాన కురిసింది. రిగ్ మెనూలో కీ రకం ప్యాడిల్ (నొక్కి ఉంచితే రిగ్గే వరసగా డిట్లు కొట్టే రకం) అని ఉంది, స్ట్రెయిట్ కీకి (నొక్కినంతసేపే మోగే మామూలు మీట) మార్చాను. బ్రేక్-ఇన్ (కీ నొక్కగానే రిగ్ ప్రసారంలోకి మారడం) కూడా ఆన్ చేయాలి, లేకపోతే సైడ్‌టోన్ (రిగ్‌లోంచి మనకి వినిపించే మోత) వినబడుతుంది కానీ గాల్లోకి ఏమీ వెళ్లదు. ఐదు నిమిషాల పని.

సాయంత్రం పాతపట్నం నుంచి మావయ్య వచ్చాడు. తంతి ఆఫీసులో చేసి రిటైరయిన మనిషి. 2013 జులైలో టెలిగ్రాం మూసేసినప్పుడు రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదాయన. కుర్చీ లాక్కుని కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏట్రా అల్లుడూ, డిట్లన్నీ ఒక్కలా లేవేటి? ఒకటి పొట్టి, ఒకటి పొడుగు."

"కంప్యూటర్ కొడతంది మావయ్యా, తప్పు రాదు."

"అయితే దానికే చెయ్యి వణుకుతోంది."

నాకు రోషం వచ్చి రికార్డ్ చేసి చూశాను. 20 మాటల వేగానికి డిట్ 60 మిల్లీసెకన్లు ఉండాలి (1200ని వేగంతో భాగిస్తే వచ్చేది అదే). నావి 50 నుంచి 75 దాకా ఊగుతున్నాయి. విండోస్ గడియారం మామూలుగా 15.6 మిల్లీసెకన్లకి ఒక అడుగు వేస్తుంది, దానికి తోడు బ్రౌజర్‌లో పది ట్యాబులు. 8 మాటల వేగంలో డిట్ 150 ఉంటుంది కాబట్టి ఇది చెవికి ఆనదు. 20కి వెళ్లేసరికి బయటపడిపోతుంది. ట్యాబులు మూస్తే కొంత తగ్గింది కానీ పోలేదు. మావయ్యకి టీ రెండోసారి ఇచ్చి ఒప్పుకున్నాను.

మూడో ఆదివారం టైమింగ్ పని కంప్యూటర్ చేతుల్లోంచి లాగేశాను. ఆర్డుయినో నానోలో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) కే3ఎన్‌జీ అనే హామ్ రాసిన కీయర్ (మోర్స్ కొట్టే) కోడ్ ఎక్కించి విన్‌కీయర్‌లా (కంప్యూటర్ పంపే అక్షరాలని మోర్స్‌గా మార్చే చిప్పు) నడిపిస్తే, ల్యాప్‌టాప్ 1200 బాడ్ (సీరియల్ వేగం)తో ఉత్త అక్షరాలు పంపుతుంది. డిట్లు కొలిచేది నానో. నానో పిన్ను నుంచి ఆ పీసీ817కే వైరు ఇచ్చాను. ఇక్కడ ఆనోడ్ పిన్నుకి, రెండో కాలు గ్రౌండ్‌కి. అయితే ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ మొదటి అక్షరాలు మింగేస్తోంది. దానికీ కారణం డీటీఆరే: పోర్టు తెరవగానే అది నానోని రీసెట్ చేస్తుంది. రీసెట్, గ్రౌండ్ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆగింది. పాజిటివ్ కాలు రీసెట్ వైపు ఉండాలి. కోడ్ మళ్లీ ఎక్కించేటప్పుడు మాత్రం కెపాసిటర్ తీసెయ్యాలి.

డమ్మీ లోడ్ మీద ఇప్పుడు డిట్లన్నీ గీత గీసినట్టున్నాయి. కొబ్బరిచెట్టుకి కట్టిన ఎండ్‌ఫెడ్ (ఒక కొసన ఫీడ్ ఇచ్చే) యాంటెన్నా వైరు తగిలిస్తే 40 మీటర్ల బ్యాండులో 50 వాట్ల దాకా బాగుంది. 20 మీటర్ల బ్యాండులో 30 వాట్లు దాటగానే యూఎస్‌బీ ఊడిపోయిన చప్పుడొచ్చి, కీ నొక్కినట్టే ఉండిపోతోంది. ఆర్‌ఎఫ్ (యాంటెన్నాకి వెళ్లాల్సిన రేడియో సిగ్నల్) కేబుల్ వెంట వెనక్కి వస్తోందన్నమాట. యూఎస్‌బీ వైరు ఫెరైట్ రింగుకి ఆరు చుట్లు చుట్టాక 40 వాట్ల దాకా తట్టుకుంటోంది. వచ్చే ఆదివారం యాంటెన్నా మొదట్లో కోయాక్స్‌కి (యాంటెన్నా కేబుల్) ఈ ఆర్‌ఎఫ్‌ని ఆపే చోక్ చుడతాను. మావయ్యని కూడా రమ్మన్నాను.